కార్డు జీతం, పెళ్ళి జీతం

కరోనా తర్వాత కాలేజీలు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది జూన్‌లో నన్ను మా డిగ్రీ కాలేజీకి ప్లేస్‌మెంట్ అధికారిని చేశారు. నేను కామర్స్ లెక్చరర్‌ని. ఈ పనిని మా శాఖలో అదనపు బాధ్యత అంటారు. జీతం పెరగదు, గది ఇవ్వరు. ఒక రబ్బరు ముద్ర, కాలేజీ పేరు మీద ఒక సిమ్ కార్డు ఇస్తారు. ఎవరు దొరికితే వాళ్ళకు తగిలిస్తారు. ఆ ఏడాది దొరికినవాణ్ణి నేను. కాలేజీ ఉదయగిరి వైపు ఉండేది. పేరు అనవసరం.

ఆ నెలలోనే పై కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. గడిచిన మూడేళ్ళలో పట్టా తీసుకున్న ప్రతి విద్యార్థికీ ఫోన్ చేయాలి. ఉద్యోగం ఉందా, పై చదువులో ఉన్నాడా, ఖాళీగా ఉన్నాడా అడగాలి. ఉద్యోగమైతే మొదటి నెల చేతికొచ్చిన జీతం ఎంతో, అది చదివిన డిగ్రీకి సంబంధించిన ఉద్యోగమేనో రాయాలి. నియామక పత్రమో జీతం స్లిప్పో తీసుకుని, ఆధార్ నంబరుతో సహా పోర్టల్‌లో ఎక్కించాలి. ఆపైన డిగ్రీల వారీగా మధ్యస్థ జీతం కట్టాలి. జీతాలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసపెడితే సరిగ్గా నడుమ నిలిచే అంకెను మధ్యస్థం అంటారు. పట్టికలో అడుగున నిలిచిన కోర్సును సమీక్షకు పెడతారు. సమీక్ష అంటే ఏమిటో మా వాళ్ళందరికీ తెలుసు. మరుసటి ఏడాది ఆన్‌లైన్ ప్రవేశాల్లో ఆ కోర్సు పేరు కనిపించదు. మూసేశామని ఎవరూ చెప్పరు. విద్యార్థులు ఎంచుకోలేదని చెప్తారు.

ఆలోచన చెడ్డదని నేను అనను. మూడేళ్ళు చదివించి పంపినవాడు ఏం తింటున్నాడో కాలేజీ తెలుసుకోవాల్సిందే. తెలుసుకునే పద్ధతి మాత్రం తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్ళు పెట్టినట్టుండేది. సంగం దగ్గర మా బి.ఎస్సీ. కుర్రాడొకడు వరికోత మిషన్ నడుపుతున్నాడు. కోతల కాలంలో వాడి సంపాదన నా జీతానికి దగ్గరగా ఉండేది. డిగ్రీకి సంబంధం లేదు కాబట్టి పోర్టల్ వాణ్ణి ఎర్రగీత కింద చూపించింది. ఆత్మకూరులో ఎరువుల కొట్టులో చిట్టా రాస్తూ ఆరు వేలు తెచ్చుకుంటున్న బి.కాం. పిల్లవాడికి ఆకుపచ్చ గుర్తు పడింది. వాడికి డిగ్రీతో సంబంధం ఉందట.

మాకు ఆదర్శంగా చూపించిందేమిటో కూడా చెప్పాలి. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు ఏటా పెద్ద ఫ్లెక్స్ కడతారు. వరసగా పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద లక్షల్లో ప్యాకేజీ. ప్యాకేజీ అంటే జీతం కాదు. ఒక మనిషి మీద కంపెనీ ఏడాదికి పెట్టే ఖర్చంతా అందులో కలుపుతారు. యజమాని కట్టే పీఎఫ్ వాటా, బీమా, క్యాంటీను, బస్సు, ఇస్తే గిస్తే ఇచ్చే బోనసు అన్నీ అందులోవే. మొదటి ఏడాది కామర్స్ పిల్లవాడు దాన్ని జీతమని రాస్తే నేను సున్నా వేస్తాను. మా సమావేశంలో పై అధికారి ఆ ఫ్లెక్స్ ఫొటోను తెర మీద వేసి, ఫలితాలంటే ఇలా ఉండాలన్నాడు. ఆయన ఎం.కాం.

బి.ఏ.లో చరిత్ర చెప్పేది దేవదానం. ఇరవై ఏళ్ళు ఒకే స్టాఫ్‌రూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. ఎప్పుడూ అతని చేతిలో పుస్తకం ఉండేది, నోటి వెంట మాత్రం పుస్తకం మాట రాదు. ఉత్తర్వు చదివి, "ఏంది అబ్బా, నన్ను తీసేసే పని నీకిచ్చినారే" అన్నాడు. బి.ఏ.లో చేరేవాళ్ళు అప్పటికే తగ్గుతున్నారు. పట్టికలో కూడా అడుగున పడితే కోర్సు పోతుందని ఇద్దరికీ తెలుసు.

ఫోన్లు మొదలుపెట్టాం. కాలేజీ సిమ్‌తో చేస్తే అవతల తెర మీద ప్రభుత్వ కాలేజీ అని పేరు పడుతుంది. మొదటి వారంలోనే నాకు అనుమానం వచ్చింది. ఉదయగిరి బజారులో అంగళ్ళున్నవాళ్ళు, టీచర్ల పిల్లలు, ఎక్కువమంది బి.ఎస్సీ. కంప్యూటర్స్ వాళ్ళు, ఫోనెత్తగానే జీతం చెప్పేవాళ్ళు. స్లిప్పు వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు. పల్లెల నుంచి వచ్చిన బి.ఏ. వాళ్ళు ఒక్కరూ ఉద్యోగంలో లేరు. ఇంట్లోవాళ్ళు ఎత్తితే, "మావోడా సార్, ఇంటికాడే ఉండాడు, గొర్రెలు తోలతన్నాడు" అనేవాళ్ళు. అన్ని గొర్రెలు ఆ మండలంలో లేవు.

ఒకరోజు ప్రభుదాసు అనే కుర్రాడికి చేశాను. రెండేళ్ళ కింద బి.ఏ. పూర్తిచేశాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను, దేవదానం పక్కనే ఉన్నాడు. ఖాళీగా ఊళ్ళోనే ఉన్నానన్నాడు వాడు. వెనక మిషన్ల మోత. ఎవరో తమిళంలో గట్టిగా అరుస్తున్నారు.

దేవదానం ఫోన్ దగ్గరికి వంగి, "ఒరే ప్రభూ, మీ పల్లెలో అందరూ ఎప్పటినుంచి అరవం మాట్లాడతన్నారా?" అన్నాడు.

అవతల మోత తగ్గింది, వాడు పక్కకు వచ్చినట్టుంది. తర్వాత వాడు, "సార్, ఇంటికాడ చెప్పొద్దన్నారు సార్" అని పెట్టేశాడు.

కారణం తెల్ల రేషన్ కార్డు. ఇంటి ఆదాయం ఒక హద్దు దాటిందని ప్రభుత్వానికి తెలిస్తే కార్డు తీసేస్తారు. కార్డుతో పోయేది బియ్యం ఒక్కటే కాదు. ముసలివాళ్ళ పింఛను, ఆసుపత్రి వైద్యం, చదువుకునే పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్, అన్నీ దానికే వేలాడుతుంటాయి. పన్నెండు, పద్ధెనిమిది వేల జీతం వచ్చినందుకు ఇవన్నీ పోగొట్టుకునేంత తెలివితక్కువవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి ప్రభుత్వ నంబరు నుంచి ఫోన్ వస్తే ఉద్యోగం లేదు. జీతం అడిగింది ఎవరన్నదాన్ని బట్టి జవాబు. దీనికి రెండో వైపు కూడా ఉంది. అదే నెలలో ప్రభుదాసుకు ప్రధానం జరిగింది. క్రైస్తవుల ఇళ్ళల్లో నిశ్చితార్థాన్ని అలా అంటారు. దేవదానం వెళ్ళాడు. వాడి తండ్రి యేసురత్నం పిల్లవైపువాళ్ళకు కొడుకు జీతం నెలకు ముప్ఫై అయిదు వేలని చెప్తుంటే విన్నాడు.

మర్నాడు నాతో, "ఒక్కోడికి మూడు జీతాలుండాయి అబ్బా. కార్డు జీతం సున్నా. పెళ్ళి జీతం ముప్ఫై అయిదు. మూడోది వాడికీ బ్యాంకుకీ తెలుసు. నీ పట్టికలో ఎక్కేది మొదటిది" అన్నాడు.

నేను వెంటనే పై కార్యాలయానికి రాశాను. మీరు కోరిన పట్టిక డిగ్రీలను కొలవడం లేదు, ఏ ఇంట్లో ఏ కార్డు ఉందో కొలుస్తోంది, ఆధార్ నంబరు తీసేసి పేర్లు లేకుండా అడిగితే నిజం వస్తుందని రాశాను. జవాబు ఒక వాక్యం. రేషన్ కార్డులు వేరే శాఖ పరిధిలోనివి, నిర్ణీత నమూనాలోనే వివరాలు పంపగలరు.

ఫోన్లు వదిలేసి మనుషుల దగ్గరికి వెళ్దామన్నాడు దేవదానం. ఆదివారాలు అతని స్కూటర్ మీద తిరిగాం. చదువు చెప్పిన సార్‌గానూ, చర్చిలో పెద్దగానూ అతనికి పరపతి ఉంది. అడిగితే చెప్పారు. అనంతసాగరం దగ్గర ఒకడు ప్రైవేటు బ్యాంకు తరఫున వసూళ్ళు చేస్తున్నాడు. కలువాయిలో ఒకమ్మాయి ల్యాబ్‌లో రిసెప్షన్‌లో ఉంది. నెల్లూరులో, చెన్నైలో, తడ వైపు ఫ్యాక్టరీల్లో చాలామంది ఉన్నారు. నా చేతి లెక్కలో మా బి.ఏ. వాళ్ళు బి.కాం. వాళ్ళకంటే ఏమంత వెనకబడి లేరు. కానీ ఒక్కరూ స్లిప్పు ఇవ్వలేదు.

ప్రభుదాసు ఇంటికి కూడా వెళ్ళాం. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో, లోపలికి ఒక చెరువు కింద ఉంది ఆ పల్లె. యేసురత్నం చెరువులో చేపలు పడతాడు, నీళ్ళు లేనప్పుడు కూలికి పోతాడు. ఇంట్లో అతని తల్లి సుందరమ్మ, భార్య, కూతురు కెజియా ఉన్నారు. కెజియాకు ఆ ఏడాదితో ఇంటర్ పూర్తవుతుంది. దేవదానం దగ్గర పుస్తకాలు తెచ్చుకుని చదివే పిల్ల. బి.ఏ. చేసి, బి.ఎడ్. చేసి, డీఎస్సీ రాసి సోషల్ టీచరు కావాలని లెక్క వేసుకుంది. మా కాలేజీ అయితే పొద్దున పోయి సాయంత్రం రావచ్చు కాబట్టి తండ్రి ఒప్పుకున్నాడు. మరో ఊరి హాస్టలంటే పంపనన్నాడు.

మేం వచ్చిన పని చెప్పాం. సుందరమ్మ మంచం మీది నుంచే, "ఏం దేవదానం, మొన్న ప్రధానంలో భోంచేసి పోతివి, ఇప్పుడు మా పింఛను పీకను వచ్చినావా?" అంది.

"నేను పీకను రాలేదు అవ్వా. నన్ను పీకతన్నారు, చెప్పుకోను వచ్చినాను" అన్నాడు దేవదానం.

యేసురత్నం దాచలేదు. కొడుకుకు పద్ధెనిమిది వేలొస్తుందని చెప్పాడు. స్లిప్పు కూడా ఫోన్‌లో చూపించాడు. "చూడండి సార్. చూడను అభ్యంతరం లేదు. ఎక్కించొద్దు" అన్నాడు. పెళ్ళయ్యాక కొడుకు పేరు వేరే కార్డులోకి మారుస్తానని, అప్పటిదాకా ఆగమని అడిగాడు. పోర్టల్ గడువు ఆ నెలాఖరు.

కెజియా గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. "సార్, అన్న జీతం ఎక్కిస్తే కోర్సు ఉంటాది, కార్డు పోతాది, నాకు ఫీజు రాదు. ఎక్కించకపోతే ఫీజు వస్తాది, కోర్సు ఉండదు. అంతేనా?" అంది.

దేవదానం అంతేనన్నాడు.

"అట్టయితే అవ్వ పింఛనన్నా ఉండనీండి."

ఉద్యోగావకాశాల మీద మాకు అప్పటికి మూడు కార్యశాలలు జరిగాయి. నైపుణ్యాల మీద, కోటు వేసుకునే పద్ధతి మీద, చేయి కలిపే పద్ధతి మీద నిపుణులు వచ్చి మాట్లాడారు. ఒక్కరూ ఆ పిల్ల వేసినంత సరైన ప్రశ్న వేయలేదు.

గడువులోగా బి.ఏ. గడులు నింపాల్సింది దేవదానమే. సగానికి పైగా ఖాళీ వదిలాడు. వ్యాఖ్య రాసే చోట, అడిగాం, చెప్పారు, రాయం అని టైపు చేశాడు. ఖాళీ గడిని పోర్టల్ నిరుద్యోగి అని చదువుకుంటుంది. పట్టిక తయారైంది. బి.ఎస్సీ. కంప్యూటర్స్ పైన, బి.ఏ. అడుగున.

తర్వాత కొన్ని నెలలకు సమీక్ష కోసం ముగ్గురు సభ్యుల సంఘం వచ్చింది. వాళ్ళ పెద్ద ఒక విశ్రాంత ప్రిన్సిపాల్. నేను లేచి, ఇది కార్డు జీతాల పట్టిక అని వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీరు చెప్పేదానికి డాక్యుమెంటు ఉందా?" అన్నాడు. డాక్యుమెంటు ఇవ్వలేకపోవడమే విషయమని చెప్తే, అయితే విషయమే లేదన్నాడు. తర్వాత దేవదానం వైపు తిరిగి నవ్వుతూ, "మీ వాళ్ళంతా గొర్రెలు తోలుతున్నారట కదా. గొర్రెల పెంపకంలోనే డిగ్రీ పెట్టుకోరాదూ?" అన్నాడు.

"పెట్టండి సార్. మధ్యస్థ జీతం మీ పింఛను కంటే బాగుంటాది. గొర్రె ధర మీరు ఈమధ్య అడిగినట్టు లేరు" అన్నాడు దేవదానం. మిగతా ఇద్దరు సభ్యులు కాగితాలు చూసుకున్నారు.

మరుసటి జూన్‌లో ఆన్‌లైన్ జాబితాలో మా బి.ఏ. లేదు. ఉన్న రెండో, మూడో ఏళ్ళవాళ్ళు పూర్తయ్యేదాకా ఒక అతిథి అధ్యాపకుణ్ణి పెట్టి, దేవదానాన్ని డెప్యుటేషన్ మీద జిల్లా ఆ చివరి కాలేజీకి పంపారు. డెప్యుటేషన్ అంటే పోస్టు ఇక్కడే ఉంటుంది, మనిషి అక్కడ పనిచేస్తాడు. ఆ ఏడాది పూర్తికాకముందే అక్కడి అద్దె గదిలో గుండె ఆగి చనిపోయాడు. డెప్యుటేషన్ వల్లనే పోయాడని నేను అనను. కొలిచే సాధనం నా దగ్గర లేదు. నాకు ఆ తర్వాత స్టాఫ్‌రూములో ఎదురు కుర్చీ వైపు చూసే అలవాటు పోవడానికి చాలాకాలం పట్టింది. నేను రిటైరయ్యాను.

కెజియా ఆత్మకూరులో చేరింది, ఆ ఫ్లెక్స్ కట్టే కాలేజీలోనే. వాళ్ళ బస్సు పల్లె మొగదాకా వస్తుంది కాబట్టి తండ్రి పంపాడు. అక్కడ బి.ఏ. లేదు. బి.కాం. కంప్యూటర్స్ చదివింది. చివరి ఏడాది ఒక కంపెనీ వచ్చి ఒక్క పూటలో ఇంటర్వ్యూలు చేసి ఆఫర్ లెటర్లు పంచింది. శిక్షణలో నెగ్గితే, ఖాళీలను బట్టి, పిలిచినప్పుడు చేరాలని అందులో ఉంది. ఇంతవరకు పిలవలేదు. కానీ బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్స్‌లో రెండో వరసలో కెజియా ఫొటో ఉంది. దాని కింద మూడు లక్షల ఇరవై వేలు.

ఆ ఫ్లెక్స్‌ను ఎవరో ఫొటో తీసి గ్రామ సచివాలయానికి పంపారు. ఊళ్ళో ఇలాంటివి పంపేవాళ్ళకు కొరత ఉండదు. సుందరమ్మ పింఛను ఆపి విచారణలో పెట్టారు. మనవరాలి జీతం స్లిప్పు తెమ్మన్నారు.

యేసురత్నం నాకు ఫోన్ చేశాడు. "సార్, అప్పుడు ఉన్న జీతానికి స్లిప్పు దాచినాం. ఇప్పుడు లేని జీతానికి స్లిప్పు తెమ్మంటన్నారు. యాడ తేవాల?"

అతను, కెజియా, నేను కలిసి ఆత్మకూరు వెళ్ళాం. కాలేజీ కరస్పాండెంటు, అంటే యాజమాన్యం తరఫున వ్యవహారాలు చూసే ఆయన, టీ తెప్పించాడు. నేను ప్లేస్‌మెంట్ అధికారిగా చేశానని విని మరీ ఆదరించాడు. ఈ అమ్మాయి ఉద్యోగంలో చేరలేదని ఒక కాగితం ఇవ్వమన్నాం. "పదిమందిలో పేరొచ్చింది గదమ్మా, దాన్ని మీరే చెరుపుకుంటారా?" అన్నాడు. ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాల్సి వస్తుందని కూడా అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చాక ఇంక నేను అడగాల్సింది లేకపోయింది. రెండు వరసల ఫొటోల్లో ఎంతమంది చేరారో ఆయనే చెప్పేశాడు.

బయటికొచ్చాక యేసురత్నం, రాత్రికి వచ్చి చించేస్తానన్నాడు. కెజియా వద్దంది. చించితే ఫొటో పోతుంది గానీ సచివాలయంలో ఉన్న ఫొటో పోదంది. బస్టాండులోనే కూర్చుని, ఆఫర్ లెటర్ మీదున్న చిరునామాకు ఫోన్‌లో ఈమెయిల్ రాసింది. నేను మీ ఉద్యోగినా, అయితే ఏ తేదీ నుంచి, జీతం ఎంత చెల్లించారు అని మూడే ప్రశ్నలు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఈ పేరుతో మా సంస్థలో ఉద్యోగి ఎవరూ లేరు. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి సచివాలయంలో ఇచ్చింది. పింఛను మళ్ళీ వచ్చింది.

నేను చూడబోతే సుందరమ్మ, "నా మనవరాలికి ఉద్యోగం లేదని కంపెనీవోళ్ళే రాసిచ్చినారు నాయనా. అంత మంచోళ్ళు ఉద్యోగమే ఇచ్చుంటే సరిపోయుండేది గదా" అంది.

ఏ డిగ్రీకి ఎంత జీతం వస్తుందో చెప్పమని ఇప్పటికీ నా దగ్గరికి తల్లిదండ్రులు వస్తుంటారు. చేతిలో పేపరు కత్తిరింపో, ఫోన్‌లో పట్టికో ఉంటుంది. నా ఉద్యోగం నాకు నేర్పింది చిన్న విషయం, దాన్నే చెప్తాను. జీతం అనేది ఒక జవాబు. ఎవరు అడిగితే ఇచ్చిన జవాబో పట్టికలో ఉండదు. ప్రభుత్వానికి చెప్పినది తక్కువగా ఉంటుంది, వియ్యంకులకు చెప్పినది ఎక్కువగా ఉంటుంది, ఫ్లెక్స్ మీద రాసినది ఎవరూ ఎవరికీ చెప్పినది కాదు. మా బి.ఏ.ను మూసింది మొదటి రకం అంకె. ఆత్మకూరులో సీట్లు నింపుతున్నది మూడో రకం. అడిగినవాడెవడో తెలియనప్పుడు ఆ అంకె పట్టుకుని పిల్లల్ని ఎక్కడా చేర్చవద్దు, ఏ కోర్సునూ మూయవద్దు.